మనవి నుంచి హక్కు దాకా



ఫౌజులో చేరిన మొదటి రోజు నుంచి మనకు నేర్పింది డ్యూటీ. హక్కు గురించి చెప్పినవాళ్ళు తక్కువ. అసలు హక్కు అనే మాట అరబ్బీలో పుట్టి, ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చింది. అక్కడ దానికి సత్యం, న్యాయం అని కూడా అర్థం. మన పెద్దలు ధర్మం అన్నారు. రాజు ధర్మం తప్పితే ప్రజలు మనవి చేసుకునేవారు. మనవి ఎదుటివాడి దయ మీద ఆధారపడుతుంది. హక్కుకైతే జవాబు చెప్పి తీరాలి. తేడా అదే.

ఈ తేడా సిపాయిలకు రక్తంతో తెలిసింది. 1780 అక్టోబరు 3న మన విశాఖపట్నంలో, హైదరాలీతో యుద్ధం కోసం ఓడెక్కి మద్రాసు వెళ్ళమంటే కంపెనీ సిపాయిలు తిరగబడ్డారు.

ఇక మన కోల్‌కతా పక్కనున్న బారక్‌పూర్ సంగతి. 1824లో బర్మా యుద్ధానికి 47వ బెంగాల్ నేటివ్ ఇన్‌ఫెంట్రీని చిట్టగాంగ్ దాకా నడిచి వెళ్ళమన్నారు. సామాను మోయడానికి ఎడ్లు దొరకలేదు. ఎడ్లయినా ఇప్పించండి, రెట్టింపు బత్తెమైనా ఇవ్వండి అని సిపాయిలు అడిగారు. వినేవాళ్ళు లేరు. నవంబరు 2న ఆయుధాలు కింద పెట్టమని కమాండర్-ఇన్-చీఫ్ పాజెట్ హుకుం. వాళ్ళు పెట్టలేదు. ఫిరంగులు పేలాయి. పారిపోతూ హుగ్లీలో మునిగిపోయినవాళ్ళూ ఉన్నారు. బిందీ తివారీని ఉరి తీశారు. పటాలం పేరునే సైన్యం జాబితాలోంచి కొట్టేశారు. ఫ్రాన్సులో మానవ హక్కుల ప్రకటన 1789లోనే వచ్చింది. 35 ఏళ్ళయినా అది హుగ్లీ ఒడ్డుకు చేరలేదు.

1950లో రాజ్యాంగం వచ్చింది. ప్రాథమిక హక్కులు అందరికీ ఇచ్చింది. అయితే ఆర్టికల్ 33 ప్రకారం సైనికుల విషయంలో పార్లమెంటు వాటిని తగ్గించవచ్చు. బందూకు పట్టినవాళ్ళు యూనియన్లు పెడితే దేశ రక్షణ నడవదు, ఇది మనం ఒప్పుకునేదే. కాని ఆర్మీ యాక్ట్ సెక్షన్ 26 జవానుకీ, జె.సి.ఓ.కీ ఫిర్యాదు చేసుకునే దారి ఇచ్చింది. యూనిఫాం వేసుకున్నంత మాత్రాన పౌరుడు కాకుండా పోడని పృథీపాల్ సింగ్ బేడీ కేసులో 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు మార్షల్‌పై అప్పీలు లేకపోవడం పెద్ద లోపమనీ అన్నది. 2007 చట్టంతో ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ వచ్చింది. కోల్‌కతాలోనూ బెంచి ఉంది.

1982 డిసెంబరు 17న నకారా కేసులో పెన్షన్ సర్కారు దయాధర్మం కాదు, హక్కు అని అయిదుగురు జడ్జీల బెంచి తేల్చింది. వారిలో మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు ఒకరు. అయినా ఈనాటికీ ఫ్యామిలీ పెన్షన్ కోసం కౌంటరు ముందు చేతులు కట్టుకుని, బిచ్చం అడిగినట్టు నిలబడే అక్కచెల్లెళ్ళు ఉన్నారు. వాళ్ళకు ఈ మాట చెప్పడం మన పని.

హక్కు వల్ల క్రమశిక్షణ పోతుందని కొందరి భయం. బారక్‌పూర్ చెప్పేది వేరు. అడిగే దారి మూసినచోటే క్రమశిక్షణ తెగింది.

జై హింద్.