దీపావళి తర్వాత అటక

మా వాకాడు వైపు తుపాను అంటే నవంబరే. జనం మరిచిపోని మూడూ ఆ నెలవే: 1977లో దివిసీమ, 1984లో మాకు దక్షిణాన శ్రీహరికోట, 1989లో కావలి. అందుకే మా అత్తగారు దీపావళి కాగానే అటక సర్దేవారు. బియ్యం, చింతపండు ఎలాగూ ఉండేవి. ఆమె బెంగంతా ఎండు కట్టెలు, పిడకలు, కిరసనాయిలు గురించే. అగ్గిపెట్టెలు మూత బిగిసే డబ్బాలో పెట్టి బియ్యంలో దాచేవారు. పొయ్యి వెలగకపోతే బస్తా బియ్యమున్నా పిల్లలకు అటుకులూ బెల్లమే కదండీ!

గ్యాసు వచ్చాక ఆ బెంగ పోయి నీళ్ల బెంగ పట్టుకుంది. అప్పట్లో బావిలో చేద వేసేవాళ్లం. ఇప్పుడు కరెంటు పోతే మోటారు ఆడదు, ట్యాంకు నిండదు. తుపాను కబురు తెలియగానే నేను ముందు బిందెలు నింపుతాను, ఫోన్ల ఛార్జింగు తర్వాతే.