ఏ అక్షరాన్ని ఒత్తాలి?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో. తలుపులు మూసుకునేలోపు లోపలికి దూరావు. ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేతిలో ఇటాలియన్ క్రియల నోట్‌బుక్. ఎల్‌బీ నగర్‌లో హాస్టల్ అక్కవాళ్ల ఇంట్లో నెట్ బాగుంటుంది. నాలుగింటికి అక్కడే వీడియో కాల్. ఇటలీ నుంచి టీచర్ మౌఖిక పరీక్ష పెడుతుంది.

"చదవవే," అంటుంది పక్కనే నిలబడ్డ అక్క.

"పర్-లో." మొదటి అక్షరాన్ని ఒత్తావు: నేను మాట్లాడతాను. రెండోదాన్ని ఒత్తితే, అతను మాట్లాడాడు. చివరి అక్షరాన్ని ఒత్తాల్సినప్పుడు రాతలో దాని మీద చిన్న గీత ఉంటుంది. మిగతా చోట్ల మామూలుగా ఏ గుర్తూ ఉండదు. నువ్వే తెలుసుకోవాలి.

చైతన్యపురి. జనం తోసుకొస్తున్నారు.

"పర్-లె-రె-మో", మాట్లాడతాం. "పర్-లె-రెమ్-మో", వీలుంటే మాట్లాడేవాళ్లం. ఒక్క మకారమే తేడా. బళ్లో గురువులూ లఘువులూ గుర్తించిన చెవి నీది, తడబడవు. అదే ధీమాతో "క-పిస్-కో" అంటావు.

"కాదు. క-పి-స్కో. సకారం వెనక హల్లుతో పోతుంది." తెలుగులో రాస్తే పడే ముక్కలే ఇవి! ఇక్కడ ఛందస్సు ముంచింది, లిపి కాపాడింది.

విక్టోరియా మెమోరియల్. "వాళ్లు ఫోన్ చేస్తారు?"

"తె-లె-ఫొ-నా-నో." చివరి నుంచి రెండోదాన్ని ఒత్తావు. చాలా మాటలకు అదే అలవాటు మరి.

"తప్పు."

ఒత్తాల్సింది "లె". చివరి నుంచి నాలుగోది! ఎందుకంటే 'నేను ఫోన్ చేస్తాను' అన్నప్పుడు ఒత్తు "లె" మీదే, తె-లె-ఫొ-నో. వర్తమానంలో 'వాళ్లు' రూపానికీ అది అక్కడే ఉంటుంది, చివర "నో" తగిలినా కదలదు. 'మేము', 'మీరు' రూపాల్లోనే ముందుకు జరుగుతుంది. తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అంటారని మురిసిపోతాం గానీ, ఆ పోలిక అచ్చుతో ముగిసే మాటల వరకే. ఒత్తు దగ్గర ఆ చుట్టరికం అక్కరకు రాదు.

ఎల్‌బీ నగర్. చివరి స్టేషన్. మెట్లు. ఎండ. ఆటో. గది.

కాల్ కలిసింది.

ఎక్కడుంటావని అడుగుతోంది టీచర్. "ఆ-బి-తో" అంటూ దిల్‌సుఖ్‌నగర్ పేరు చెప్పావు. ఒత్తు "ఆ" మీద. సరే.

మరి మీ అమ్మానాన్నలు?

గొంతు ఎండింది. "తా" మీదికి నాలుక లాగుతోంది. ఆగు. 'నేను' రూపంలో ఎక్కడ ఒత్తావు? మొదట్లో. కదపకు.

"ఆ-బి-త-నో... నల్గొండ."

టీచర్ తలూపింది. తర్వాతి ప్రశ్న భూతకాలంలో వచ్చింది.