చనిపోయినవాళ్లు లేచి వచ్చే సినిమా: ‘సూపర్ 8’లో పిల్లల చిత్రనిర్మాణం

జె.జె. అబ్రామ్స్ రచించి దర్శకత్వం వహించిన ‘సూపర్ 8’ 2011 జూన్‌లో అమెరికాలో విడుదలైంది. స్టీవెన్ స్పీల్‌బర్గ్ దానికి నిర్మాతల్లో ఒకరు. చిన్న ఊరు, సైకిళ్ల మీద పిల్లలు, ఎక్కడినుంచో వచ్చిపడ్డ గ్రహాంతరజీవి ఉన్నాయి కనుక స్పీల్‌బర్గ్ తొలినాటి చిత్రాలకు ఇది నివాళి అన్న మాట అప్పుడే స్థిరపడిపోయింది. ఆ మాట తప్పు కాదు గానీ దానితో సరిపెట్టుకుంటే సినిమాలో ఉన్న మరో సినిమాను మనం చూడం. ఆ వేసవిలో ఆరుగురు పిల్లలు కలిసి తీస్తున్న జాంబీ చిత్రమే ‘సూపర్ 8’కు వెన్నెముక అని, తల్లిని పోగొట్టుకున్న పిల్లవాడికి పెద్దలెవరూ ఇవ్వలేని ఓదార్పు ఆ పని ద్వారానే దొరుకుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కథాకాలం 1979. కథాస్థలం ఒహాయోలోని లిలియన్ అనే కల్పిత పట్టణం. చిత్రీకరణ ఎక్కువగా వెస్ట్ వర్జీనియాలోని వీర్టన్ అనే నిజమైన ఉక్కు పట్టణంలో జరిగింది. మొదటి దృశ్యంలోనే ఉక్కు కర్మాగారంలో ప్రమాదం లేకుండా గడిచిన రోజులను చూపే బోర్డు కనిపిస్తుంది. ఒక కార్మికుడు పాత అంకెలు తీసేసి 1 తగిలిస్తాడు. చావు గురించి ఒక్క మాట లేదు, ఏడుపు లేదు. ఆ చనిపోయినది జో లాంబ్ తల్లి అని తర్వాతి దృశ్యంలో తెలుస్తుంది. ఇంట్లో పరామర్శకు వచ్చిన జనం, బయట మంచులో ఉయ్యాల మీద ఒంటరిగా అమ్మ లాకెట్ పట్టుకు కూర్చున్న జో. తండ్రి జాక్సన్ పోలీసు డిప్యూటీ. మంచివాడే, కానీ కొడుకుతో ఎలా మాట్లాడాలో తెలియనివాడు. వేసవికి కొడుకును బేస్‌బాల్ శిబిరానికి పంపిద్దామనుకుంటాడు. కెమెరాలు, రాక్షసుల మేకప్‌లు పట్టుకు తిరిగే ఆ స్నేహితుల గుంపు ఆయనకు నచ్చదు.

ఆ గుంపులో పనులు పంచుకున్న తీరును గమనించాలి. దర్శకుడు చార్లెస్. కేరీకి బాణసంచా పిచ్చి. మార్టిన్ డిటెక్టివ్ వేషం వేస్తాడు. జో పని మేకప్. బతికున్న స్నేహితుల ముఖాలకు రంగు పూసి, గాయాలు అతికించి, శవాలుగా మార్చి, మళ్లీ లేచి నడిచేలా చేస్తాడు. అమ్మ పోయి నాలుగు నెలలే అయిన పిల్లవాడికి దర్శకరచయిత ఈ పని అప్పగించడం కాకతాళీయమని నేను అనుకోను. జోకు మేకప్ ఆటా కాదు, మరుపూ కాదు. చావును తన చేతుల్లోకి తెచ్చుకుని, ఎలా ఉంటుందో తడిమి చూసుకోవడం అది. చిత్రంలో వేషం వేయడానికి వచ్చిన ఆలిస్ అనే అమ్మాయికి రంగు వేస్తూ జాంబీ ఎలా నడవాలో, కళ్లు ఎలా పెట్టాలో అతను చెబుతాడు. ఆమె చేసి చూపిస్తూ అతని మెడ మీదికి వంగుతుంది. భయం, లేతవలపు, మరణం ఒకే క్షణంలో కలిసిన ఆ దృశ్యం సినిమాలోని గొప్ప ఘట్టాలలో ఒకటి.

అంతకన్నా గొప్పది రైల్వే స్టేషన్ ఘట్టం. డిటెక్టివ్‌కు భార్య ఉంటేనే ప్రేక్షకుడు అతని కోసం భయపడతాడని చార్లెస్ గ్రహిస్తాడు. ఆ భార్య వేషానికి ఆలిస్‌ను పిలుస్తారు. లైసెన్సు లేకపోయినా తండ్రి కారు నడుపుకుంటూ వస్తుంది. అర్ధరాత్రి ప్లాట్‌ఫారం మీద రిహార్సల్. భర్తను వెళ్లొద్దని బతిమాలే నాలుగు మాటలు ఆమె నోట పలికేసరికి మగపిల్లలంతా కొయ్యబారిపోతారు. ఆలిస్‌గా ఎల్ ఫ్యానింగ్ నటన అంత నిబ్బరంగా ఉంటుంది. పిల్లలు రాసుకున్న ముతక సంభాషణలో నిజమైన బాధ దూరడం మన కళ్లముందే జరుగుతుంది. ఆమె బాధ ఎక్కడిదో తర్వాత తెలుస్తుంది. ప్రమాదం జరిగిన రోజు ఆమె తండ్రి తాగి పనికి వెళ్లలేదు, అతని బదులు వెళ్లిన జో తల్లి చనిపోయింది. ఆలిస్ ఈ సంగతి చెప్పేది కూడా ఒక చిత్రం ముందే: జో గదిలో, ప్రొజెక్టర్ వెలుగులో, వాళ్లమ్మ బతికున్నప్పుడు తీసిన ఇంటి చిత్రం చూస్తూ.

ఇక్కడ సాంకేతికతకూ అర్థముంది. కోడాక్ 1965లో తెచ్చిన సూపర్ 8 కార్ట్రిడ్జ్‌లో ఫిల్ము 50 అడుగులే. సెకనుకు 18 ఫ్రేముల చొప్పున తీస్తే మూడు నిమిషాల 20 సెకన్లు. ఫిల్మును చేత్తో ఎక్కించే బాధ తప్పడంతో పిల్లలకు కూడా కెమెరా అందుబాటులోకొచ్చింది. అయినా తీసింది వెంటనే చూసుకోవడానికి లేదు. దుకాణంలో ఇచ్చి, కడిగించుకుని, ఆగాలి. ఆ రాత్రి స్టేషన్‌లో చిత్రీకరణ సాగుతుండగా రైలు పట్టాలు తప్పినప్పుడు కిందపడి తిరుగుతూనే ఉన్న కెమెరా ఏం పట్టుకుందో తెలియాలంటే వాళ్లు మూడు రోజులు ఆగాల్సిందే. కథలో ఉత్కంఠ ఆ నిరీక్షణ నుంచే పుడుతుంది.

కడిగి వచ్చిన రీలులో పట్టాలు తప్పిన రైలు నుంచి బయటపడుతున్న జీవి కనబడుతుంది. కల్పన కోసం పెట్టిన కెమెరా సాక్షి అయింది. మరోపక్క సైన్యం ఆ జీవిపై ఏళ్లకేళ్లు పరిశోధించి, చిత్రించి, దాచిన రీళ్లున్నాయి. ఉపాధ్యాయుడు వుడ్‌వర్డ్ దాచుకున్న సామగ్రిలో పిల్లలు వాటిని చూస్తారు. ఒకే కథలో మూడు జాతుల చిత్రాలు: ప్రభుత్వం దాచినది, కుటుంబం దాచుకున్నది, పిల్లలు అందరికీ చూపాలని తీసినది. మొదటిది క్రూరం, రెండోది విషాదం. మూడోదానిలో మాత్రమే భవిష్యత్తు ఉంది. ఔత్సాహిక చిత్రానికి అబ్రామ్స్ ఇచ్చిన స్థానం ఇదే.

ఆయనకు ఆ లోకం స్వానుభవం. 1982లో లాస్ ఏంజెలెస్‌లోని న్యూఆర్ట్ థియేటర్లో జరిగిన టీనేజీ పిల్లల సూపర్ 8 ఉత్సవంలో ఆయన, మిత్రుడు మ్యాట్ రీవ్స్ తమ చిత్రాలు చూపారు. ఆ వార్త చదివిన స్పీల్‌బర్గ్ కార్యాలయం, స్పీల్‌బర్గ్ చిన్నప్పుడు తీసిన 8 ఎం.ఎం. రీళ్లను బాగుచేసే పని వాళ్లకు అప్పగించింది. అదే ఏడాది మిసిసిపీలో కొందరు పిల్లలు ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’ను షాటు షాటుగా మళ్లీ తీయడం మొదలుపెట్టారు. అది సాగీ సాగీ 1989 దాకా పోయింది. చార్లెస్ బృందం ఈ కోవలోది.

తెలుగులో ఈ ఇతివృత్తం బాల్యానికి రాలేదు. ‘ఈ నగరానికి ఏమైంది’ (2018)లో షార్ట్ ఫిల్ము తీసేది ఎదిగిన యువకులు. ‘సినిమా బండి’ (2021)లో దొరికిన కెమెరాతో సాహసించేది పల్లెలోని ఆటోడ్రైవర్. రెండూ నాకు ఇష్టమైనవే. కానీ బడిపిల్లలు తమ దుఃఖాన్ని తామే చిత్రించుకునే కథ మన తెరకు ఇంకా బాకీ ఉంది.

‘సూపర్ 8’లో లోపం లేకపోలేదు. చివరి మూడో వంతులో పేలుళ్లు, సొరంగాలు పిల్లల కెమెరాను మింగేస్తాయి. అమ్మ లాకెట్‌ను జో వదిలేసే ఘట్టం, జో తనంతట తాను మేకప్ బ్రష్షుతో సాధించుకున్నదాన్ని హంగులతో మళ్లీ చెబుతుంది. అది అవసరం లేదు. ఈ లోపానికి జవాబు మరోచోట ఉంది. ముగింపు పేర్లు నడుస్తుండగా పిల్లల చిత్రం ‘ది కేస్’ మొత్తంగా కనిపిస్తుంది: తడబడే నటన, అతుకుల కూర్పు, ఆఖర్లో జాంబీ అయిన ఆలిస్ దర్శకుడి మీద పడటం. అంత పెద్ద సినిమాలో కల్మషం లేని భాగం అదే. ఈ చిత్రాన్ని మళ్లీ చూసేవారు పేర్లు మొదలవగానే లేవకండి. ‘ది కేస్’ పూర్తయ్యాకే దీనిపై తీర్పు చెప్పండి.