తర్జుమాన్ కూడా గవాహేనా?



మా నూజివీడు వైపు మామిడి తోటల కౌలు గొడవ తెలియని ఇల్లు తక్కువ. నాకు పద్నాలుగేళ్లప్పుడు అలాంటి గొడవలోనే దాదీమా వెంట అదాలత్‌కి వెళ్లాను. ఆమెకు తెలుగు బజారు వరకే వచ్చు. "ఈ కాగితం మీద వేలిముద్ర నీదేనా?" అని అడిగారు. "హా, మేరాచ్ హై. లేకిన్ రసీద్ బోల్‌కే లగవాయే" అంది. నేను నోరు తెరిచేసరికి వకీలు సాబ్ ఆపేశారు: "అవునా కాదా, అంతే చెప్పు బాబూ." అవును అన్నాను. రసీదు అని చెప్పి వేయించారన్న మాట నా గొంతులోనే ఉండిపోయింది.

అందుకే పోస్ట్‌విల్ కిస్సా చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు.

2008 మే 12. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పోస్ట్‌విల్ అనే చిన్న ఊరు. అక్కడ అగ్రిప్రాసెసర్స్ అనే కోషర్ మాంసం ఫ్యాక్టరీ (కోషర్ అంటే యూదులకు, మనకు హలాల్ ఎలాగో అలా) మీద ఇమిగ్రేషన్ అధికారులు దాడి చేసి 389 మందిని పట్టుకున్నారు. ఎక్కువమంది గ్వాటెమాలా నుంచి వచ్చిన గరీబు కూలీలు. వాళ్లను వాటర్లూలో పశువుల ప్రదర్శనలు జరిగే మైదానానికి తరలించి, అక్కడి డాన్స్ హాలునే అదాలత్ చేశారు. చేతులకు, నడుముకు, కాళ్లకు గొలుసులతో పదేసి మందిని తెచ్చి నిలబెట్టారు. స్పానిష్ తర్జుమా కోసం 26 మందిని పిలిపించారు. వాళ్లలో ఒకరు ఫ్లోరిడా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఎరిక్ కమాయ్‌డ్-ఫ్రెయ్‌క్సాస్.

సర్కారు ఇచ్చిన షర్తు ఇది. వేరొకరి గుర్తింపు దొంగిలించారన్న నేరం రుజువైతే కనీసం రెండేళ్లు జైలు. దొంగ సోషల్ సెక్యూరిటీ నంబరు వాడామని ఒప్పుకుంటే ఐదు నెలలు, ఆ తర్వాత దేశం నుంచి పంపేస్తారు. జవాబుకు గడువు ఏడు రోజులు. చాలామందికి ఆ నంబరంటే ఏమిటో కూడా మాలూమ్ లేదు. కొందరు మాయా తెగలవాళ్లు, స్పానిష్ కూడా వాళ్ల మాదరీ జబాన్ కాదు. పిల్లల దగ్గరికి తొందరగా ఎలా వెళ్లాలన్నదొక్కటే వాళ్ల ఫికర్. దాదాపు 300 మంది తప్పు ఒప్పుకున్నారు.

వాళ్లకు అర్థం కావడం లేదని తర్జుమాన్‌కి కళ్ల ముందే కనిపిస్తోంది. కానీ ఆయన సలహా ఇవ్వకూడదు, ఎవరి వైపూ మాట్లాడకూడదు, విన్నదాన్ని అమానత్‌గా దాచుకోవాలి. ఆయన పని పూర్తిచేశారు. కేసులు ముగిశాక చూసిందంతా రాశారు. ఆ జూలైలోనే అమెరికన్ కాంగ్రెస్ సబ్‌కమిటీ ముందు గవాహీ ఇచ్చారు. అమానత్‌లో ఖయానత్ చేశాడన్న తోటి తర్జుమాన్లూ ఉన్నారు. అదాలత్‌లోనే ఎందుకు చెప్పలేదని నాకూ అనిపించింది. అయినా ఆయన ఆగింది రెండు నెలలే. నేను ఎన్నేళ్లు ఆగాను?

ఈ బహస్ మనకు కొత్తది కాదు. హాకిమ్ దగ్గర ఒక తర్జుమాన్ చాలా అన్న ప్రశ్నకు సహీహ్ బుఖారీలో ఒక బాబే ఉంది. ఇమామ్ అబూ హనీఫా ఒకరు చాలన్నారు. ఇమామ్ షాఫయీ ఇద్దరు కావాలన్నారు, ఎందుకంటే ఆయన దృష్టిలో తర్జుమా కూడా గవాహీయే. ఆ బాబ్‌లోనే హజ్రత్ ఉమర్ (రజి) ముందు నిలబడిన ఒక అజమీ స్త్రీ ప్రస్తావన వస్తుంది. ఆమె మాటను అబ్దుర్రహ్మాన్ బిన్ హాతిబ్ అరబీలో చెప్పారు. పూర్తి కిస్సా వేరే కితాబుల్లో ఉంది. ఆమె నూబియా నుంచి వచ్చిన విడుదలైన బానిస, జినా నేరం మీద తెచ్చారు. దాచకుండా, తప్పన్న ఎరుకే లేనట్టు చెప్పేసింది. అప్పుడు హజ్రత్ ఉస్మాన్ (రజి) హద్ శిక్ష తెలిసినవాళ్లకే అన్నారు. రజ్మ్ తప్పింది, కొరడా దెబ్బలు తప్పలేదు.

2009 మే 4న అమెరికా సుప్రీంకోర్టు ఫ్లోరెస్-ఫిగేరోవా కేసులో ఏకగ్రీవంగా చెప్పింది కూడా ఎరుక గురించే. ఆ నంబరు నిజంగా మరో మనిషిదని ముల్జిమ్‌కి తెలుసని రుజువు చేయాల్సింది సర్కారే. పోస్ట్‌విల్ కూలీలకు అది పనికిరాలేదు. అప్పటికే ఐదు నెలలు గడిచిపోయాయి.

మన పిల్లలు ఉర్దూ వచ్చని ఖలీజ్‌లో తోటి తెలుగు కూలీలకు తర్జుమాన్లవుతుంటారు. వాళ్లకు నేను ఈ కిస్సా చెబుతుంటాను, నాది కూడా కలిపి. దాదీమా మాత్రం ఎప్పుడూ నన్నొక మాట అనలేదు. ఆ ఏడాది కూడా వేసవిలో రసాలు కొని, నా వాటా వేరుగా గడ్డిలో మాగబెట్టింది.