మేఘారణ్యంలో ఉక్కుతాళ్లు: మోంతెవెర్దే యాత్రల పూర్వచరిత్ర

ఉష్ణమండల దేశానికి ప్రకృతి సాహసయాత్ర తలపెట్టినవారి పథకంలో కోస్టారికా, అందులోనూ ఆ దేశపు వాయవ్య భాగాన తిలరాన్ పర్వతశ్రేణి మీద ఉన్న మోంతెవెర్దే, దాదాపు తప్పనిసరి మజిలీగా ఉంటున్నాయి. ఉదయం మార్గదర్శి వెంట అడవిలో నడక, మధ్యాహ్నం చెట్ల తలల మీదుగా ఉక్కుతాడుపై జారుడు, రాత్రి టార్చిలైటు వెలుగులో కప్పల, కీటకాల అన్వేషణ అనే క్రమం ఎంతగా స్థిరపడిందంటే, దాన్ని ఏ పర్యాటక శాఖో కూర్చుని రూపొందించినట్లు తోస్తుంది. నిజానికి వీటిలో చాలా భాగం వేరే అవసరం కోసం పుట్టినదే: అడవి నీటి కోసం మిగిలింది, కాలిబాటలు కాపలా కోసం పడ్డాయి, తాళ్లు పరిశోధన కోసం కట్టారు.

కథ మొదలైనది అడవిలో కాదు, అమెరికాలోని ఒక న్యాయస్థానంలో. ఏ యుద్ధంలోనూ పాల్గొనరాదన్నది క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారి నియమం. అలబామా రాష్ట్రంలోని ఫెయిర్‌హోప్‌కు చెందిన నలుగురు క్వేకర్ యువకులు సైనిక నమోదుకు నిరాకరించినందుకు 1949లో వారికి ఒక సంవత్సరం ఒక రోజు జైలుశిక్ష పడింది. దానితో ఆ సమాజంలోని కొన్ని కుటుంబాలు దేశం విడిచి వెళ్లాలని నిశ్చయించుకుని, 1948లోనే సైన్యాన్ని రద్దుచేసిన కోస్టారికాను ఎంచుకున్నాయి. 1951లో వారు సుమారు 1,400 మీటర్ల ఎత్తున ఉన్న చల్లని కొండనేలను కొని, దానికి పచ్చని కొండ అని అర్థం వచ్చే మోంతెవెర్దే పేరు పెట్టి, పశువుల పెంపకానికి దిగారు.

పాలు పుష్కలంగా వచ్చినా, ఎద్దుబండ్లు సైతం కూరుకుపోయే బురదదారిలో అవి దిగువ పట్టణాలకు చేరేలోపే విరిగిపోయేవి కనుక, వారు 1950ల తొలి సంవత్సరాల్లోనే జున్నుగడ్డల తయారీ కర్మాగారాన్ని నెలకొల్పారు. ఇక్కడ జున్ను అంటే ముర్రుపాలతో వండేది కాదు, పాలను తోడుపెట్టి, నీరు పిండి, నెలల తరబడి నిలవ ఉంచే చీజ్. కర్మాగారానికీ ఇళ్లకూ నీరు కావాలి, విద్యుత్తుకూ వాగే ఆధారం. అందుకే వాగు పుట్టే ఎగువ వాలులోని సుమారు 550 హెక్టార్ల అడవిని నరకకుండా వదిలేయాలని సమష్టిగా నిర్ణయించుకున్నారు. ఖాళీ భూమిలో చెట్లు కొట్టి చదును చేయడాన్నే ‘అభివృద్ధి’గా లెక్కించి, ఆ ప్రాతిపదికన హక్కు కల్పించే విధానం నడుస్తున్న దేశంలో ఈ నిర్ణయం అసాధారణమైనది. పశువుల మేతభూముల కోసం సాగిన ఆ నరికివేత ఫలితంగా 1980ల నాటికి దేశ విస్తీర్ణంలో దాదాపు నాలుగోవంతులోనే దట్టమైన అడవి మిగిలింది.

ఆ వాలుమీది అడవిని మేఘారణ్యం అంటారు. కరీబియన్ సముద్రం మీదుగా వచ్చే తేమగాలులు పర్వతాన్ని ఎక్కుతూ చల్లబడి మబ్బుగా మారి, నేరుగా చెట్ల మధ్య నుంచే సాగిపోతాయి. వాన లేనప్పుడు కూడా ఆకుల కొసల నుంచి నీరు కారుతూనే ఉంటుంది. కొమ్మలను మందపాటి నాచు, ఆర్కిడ్లు కప్పేస్తాయి. అడవి అవొకాడో కాయల కోసం వచ్చే క్వెట్జల్ అనే పొడవుతోక పచ్చపిట్ట ఇక్కడి ప్రధాన ఆకర్షణ. 1960లలో శాస్త్రలోకానికి పరిచయమైన బంగారు గోదురుకప్ప ప్రపంచంలో మరెక్కడా ఉండేది కాదు. మెరిసే నారింజ రంగు మగకప్పలు ఏటా వానలు మొదలయ్యే వేళ కొద్దిరోజులు మాత్రమే వేళ్ల మధ్య గుంటల్లో కనిపించేవి.

పక్షుల అధ్యయనానికి వచ్చిన జార్జ్ పవెల్, చుట్టూ గొడ్డళ్లు దగ్గరవుతుండటం చూసి, 1972లో భార్య హారియెట్‌తోనూ స్థానికుడు విల్‌ఫోర్డ్ గిండన్‌తోనూ కలిసి రక్షిత ప్రాంతం కోసం భూసేకరణకు పూనుకున్నారు. యాజమాన్య బాధ్యతను ఉష్ణమండల విజ్ఞాన కేంద్రం స్వీకరించింది. క్వేకర్ల నీటివాలు అడవి కూడా నామమాత్రపు రుసుముతో ఈ రక్షిత ప్రాంతంలో భాగమైంది. వీరిలో గిండన్ జీవితం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. 1949లో జైలుకు వెళ్లిన నలుగురిలో ఆయన ఒకరు; కొండకు చేరాక మోటారు రంపాలు అమ్మి, అడవి కొట్టినవాడు; ఆపైన కత్తి పట్టుకుని సరిహద్దు బాటలు వేస్తూ అదే అడవికి దశాబ్దాల పాటు కాపలా కాసినవాడు. సందర్శకులు నడిచే బాటల్లో కొన్నిటికి ఆయన కాపలా నడకలే పునాది.

1974లో రక్షిత ప్రాంతాన్ని చూసినవారు ఐదువందలకు లోపే. 1990ల తొలినాటికి ఆ సంఖ్య యాభైవేలకు చేరువైంది. జీపు తప్ప మరో వాహనం సరిగా ఎక్కని ఘాట్‌దారి అలాగే ఉండటం మంచిదేనని కొందరు వాదించారు: అది బాగుపడితే ఒకపూట చూసి పోయే జనం పెరుగుతారనీ, కష్టపడి వచ్చినవాడు నాలుగు రోజులు ఉంటాడనీ వారి లెక్క. రోగిని ఆసుపత్రికి చేర్చవలసిన స్థానికుడికి ఈ వాదన రుచించకపోవడంలో వింత లేదు. ఈలోగా బంగారు గోదురుకప్ప కనుమరుగైంది. 1987లో పదిహేనువందలకు పైగా లెక్కకు వచ్చిన ఆ జీవి, 1989లో ఒక్కటి కనిపించాక మళ్లీ ఎవరి కంటా పడలేదు. చర్మానికి సోకే శిలీంధ్రాన్నీ, పొడిబారుతున్న వాతావరణాన్నీ శాస్త్రజ్ఞులు కారణాలుగా చర్చించారు. అడవి చుట్టూ గీత గీసి కాపలా పెట్టినంతమాత్రాన సరిపోదని దీనితో తేలింది.

ఉక్కుతాళ్ల కథ వేరే కొండకింద మొదలైంది. ఉష్ణమండల వనంలో జీవరాశిలో పెద్దభాగం నేలమీద కాక, చెట్ల తలలు కలిసి ఏర్పడే ఆకుపందిరిలో ఉంటుంది; అక్కడికి చేరడమే శాస్త్రజ్ఞులకు సమస్య. 1970లలో అమెరికన్ జీవశాస్త్రజ్ఞుడు డొనాల్డ్ పెరీ, కరీబియన్ వైపు మైదానంలోని లా సెల్వా పరిశోధన కేంద్రంలో, విల్లుతో కొమ్మల మీదుగా సన్నని దారం వదిలి, దాని వెంట బలమైన తాడు లాగి, పర్వతారోహకుల పట్టీలతో పైకెక్కడం అభ్యసించాడు. తరువాత చెట్ల మధ్య తాళ్ల వల కట్టి అందులో సంచరించాడు. సామాన్యులనూ అంతెత్తుకు తీసుకువెళ్లాలన్న ఆలోచన ఆయన చేత 1994లో అడవి మీదుగా సాగే తీగమార్గ వాహనాన్ని ప్రారంభింపజేసింది.

అదే దశాబ్దంలో మోంతెవెర్దేలో, నడుముకు పట్టీ బిగించుకుని, కప్పి సాయంతో చెట్టు మీది వేదిక నుంచి మరో వేదికకు జారే జిప్‌లైన్ వ్యాపారంగా అవతరించింది. తొలినాళ్లలో వేగాన్ని ఆపేది యాత్రికుడి చేతి తోలుగ్లవుజే. దాన్ని తాడుకు ఒత్తితే వచ్చే రాపిడే బ్రేకు. పెరీ పద్ధతిలో మనిషి పైన గంటల తరబడి కదలకుండా కూర్చుని చూసేవాడు. జిప్‌లైన్‌లో కొన్ని క్షణాల్లోనే కొమ్మలన్నీ దాటిపోతాడు, కేకలకు కోతులూ పిట్టలూ దూరం జరుగుతాయి. కనుక దీన్ని ప్రకృతి పరిశీలన అనడం కంటే అడవిలో ఆడే ఆట అనడమే న్యాయం. అయినా చెట్టు నిలిచి ఉంటేనే టిక్కెట్టు అమ్ముడుపోతుందన్న సంగతి, పశువుల మేత తప్ప మరో ఆదాయం ఎరుగని భూయజమానికి ఉపన్యాసాల కంటే త్వరగా బోధపడింది.

ఈ తాళ్లు చుట్టుపక్కల ప్రైవేటు అడవుల్లోనే ఉన్నాయి. 1972 నాటి రక్షిత ప్రాంతంలో నడకకే చోటు. లోపల ఒకేసారి ఉండగలవారి సంఖ్యకు పరిమితి ఉన్నందున, డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు సాగే పొడి నెలల్లో, అందునా ఫిబ్రవరి తరువాత క్వెట్జల్ గూళ్లు కట్టే కాలంలో వెళ్లదలచినవారు ప్రవేశాన్ని ముందుగానే ఖాయం చేసుకోవలసి ఉంటుంది.