రావలసిన ముక్క

నెగడు దగ్గరికి జరిగి కూర్చో నాయనా. గూడెం కొత్తవీధి డిసెంబరు చలికి విశాఖలో కొన్న ఆ పల్చటి చొక్కా ఆగదు. పొద్దున్న నువ్వు చెప్పిన ఆ ఒమాహా ఆట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. మనిషికి నాలుగు ముక్కలు, మధ్యన అందరికీ కలిపి ఐదు. చేతిలోవి రెండు, కిందవి మూడు కలిపి తీరాలి. పందెం అప్పటికి మధ్యన పోగైన పాట్‌ను దాటకూడదు. అంతేకదా? ఏదీ ఇంకా కుదరలేదుగానీ కుదరడానికి బోలెడు దారులున్న చెయ్యి పడితే ఎలా ఆడాలో తోచడం లేదన్నావు. ఆ చిక్కు మాకూ ఉండేది, పదమూడు ముక్కలాటలో, అదే రమ్మీలో. చెబుతాను, తొందరపడకు. ముందు ఆ ఫోను బోర్లా పెట్టు.

ఆర్.వి.నగర్ వైపు అటవీశాఖ 1960లలో కాఫీ వేయించింది. పళ్ళు ఏరే రోజుల్లో, అంటే నవంబరు మొదలు సంక్రాంతి దాకా, కింద నర్సీపట్నం నుంచి వచ్చిన షావుకార్లు, ఎస్టేటు గుమాస్తాలు, మా ఊరి పెద్దలు రాత్రిపూట ఒకచోట చేరేవారు. చోడి అంబలి తాగి, గోనెపట్టా పరిచి, మధ్యన లాంతరు పెట్టేవారు. కిరసనాయిలు కొలిచి ఇచ్చే రోజులు. అందుకని వత్తి తగ్గించి ఆడేవాళ్ళం. ఆఠీనుకీ డైమనుకీ తేడా తెలియక గొడవలయ్యేవి. వానాకాలమైతే మరీ కష్టం, ముక్కలు తడికి ఉబ్బి ఒకదానికొకటి అంటుకునేవి. మొహానికి రాసుకునే పౌడరు వాటికి రాసి తుడిచేవాళ్ళం. మర్యాద మాత్రం తప్పేది కాదు. తన వంతు రాకుండా కట్ట మీద చెయ్యి పడనిచ్చేవారు కాదు. పక్కవాడి ముక్కలు చూసినవాడికి మళ్ళీ ఆ గోనెపట్టా మీద చోటు లేదు.

పందెం పాయింటుకి పైసా. 1957లో నయాపైసలొచ్చినా మా పెద్దవాళ్ళు చాన్నాళ్ళ దాకా అణాలూ బేడలూ అనే లెక్కపెట్టారు. మొదట్లోనే స్కూటు కొడితే, అంటే ముక్కలు బోర్లించి ఆట వదిలేస్తే 20, మధ్యలో కొడితే 40, చివరిదాకా ఉండి పోతే 80 దాకా. అంటే ఒక్క ఆటలో మహా పోతే ఎనభై పైసలు. నీ ఆటలో పాట్ ఎంతో పందెం అంతకి మించదన్నావే, మాకు ఆ హద్దు ఈ ఎనభై. కాకపోతే నీ హద్దు నిలకడగా ఉండదు. పాట్‌లో వంద ఉండి, ఎదుటివాడు వంద పెడితే, నువ్వు ఆ వందా ఇచ్చి, పైన మూడొందలు పెంచొచ్చు. అక్కడితో పాట్ ఆరొందలు! వాడూ సరేనంటే తొమ్మిదొందలు. అలా రెండు చుట్లు తిరిగేసరికి జేబు ఖాళీ. హద్దు ఉంది కదా అని నిశ్చింతగా ఉండే హద్దు కాదది.

ఏం చెబుతున్నాను? ఆఁ, షావుకారు. ఉప్పూ ఎండుచేపలూ అమ్మే ఒక షావుకారు ఉండేవాడు. మంచి మనిషి, పిల్లలకి బెల్లంముక్క ఇవ్వకుండా పోయేవాడు కాదు. కానీ ఆటలో కూర్చున్నాడంటే స్కూటు అన్న మాటే ఆయన నోట రాదు. ఆఠీను ఏడు, ఎనిమిది, పక్కన ఇస్పేటు ఎనిమిది కనిపిస్తే చాలు, మొహం వెలిగిపోయేది. ఆ మూడు ముక్కలూ నిజంగా మంచివే. రెండు పేకల ఆట కనక ఆఠీను ఆరు రెండు, తొమ్మిది రెండు. కళావరు ఎనిమిది రెండు, డైమను ఎనిమిది రెండు. మొత్తం ఎనిమిది ముక్కల్లో ఏది వచ్చినా ఒక జత కుదురుతుంది. అదే ఏడూ తొమ్మిదీ పట్టుకుని మధ్య ఎనిమిది కోసం కూర్చుంటే ఉన్నవి రెండే. ఈ తేడా షావుకారుకి తెలుసు. తెలియనిదల్లా రెండు సంగతులు. ఒకటి, ఆ ఎనిమిదిలో ఎన్ని అప్పటికే కింద పడిపోయాయో చూసుకోవడం. రెండు, జోకరు కలవని ఒరిజినల్ సీక్వెన్సు లేకుండా మిగతా జతలెన్ని కుదిరినా లెక్కలోకి రావని గుర్తుపెట్టుకోవడం. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం. అవతలివాడు షో చెప్పేసరికి ఆయన చేతిలో ఎనభై నిండుగా ఉండేది. పైగా పోయినచోటే వెతుక్కోవాలంటూ మళ్ళీ పంచమనేవాడు.

మా ఊళ్ళో ఒక పెద్దదొర ఉండేవారు, ముఠాదారుల ఇంటి మనిషి. ఆయన తీరు వేరు. అలాంటి చెయ్యి పడితే మొదటి నాలుగైదు చుట్లలోనే జోరుగా ఆడేవారు. అప్పటికి ఏ ఒక్కటీ రాలేదా, ముక్కలు బోర్లించి నలభై రాయించుకుని చుట్ట వెలిగించేవారు. ముక్కలు రావలసిన చెయ్యికి విలువంతా ముందే నాయనా, కట్ట నిండుగా ఉన్నప్పుడే. సగం కట్ట అయిపోయాక అదే చెయ్యి పట్టుకు వేలాడడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఇప్పుడు నీ ఒమాహాకి వద్దాం. పొద్దున్న నువ్వు కాగితం మీద రాసి చూపించింది ఇదేగా: చేతిలో జాకీ, పది, ఏడు, ఆరు. కింద మొదటి మూడు ముక్కలు తొమ్మిది, ఎనిమిది, రెండు. రాణులు నాలుగు, ఐదులు నాలుగు, జాకీ, పది, ఏడు, ఆరు మూడేసి. మొత్తం 20 ముక్కల్లో ఏది పడినా నీకు వరస కుదురుతుంది. కనబడని ముక్కలు 45. రెండు ముక్కలు రావలసి ఉండగా కనీసం ఒకటి పడే అవకాశం నూటికి డెబ్బై దాకా ఉంది. ఇంకా ఏమీ కట్టని చెయ్యి, కట్టేసిన చెయ్యి కన్నా ఒక్కోసారి ముందుంటుందన్నావు. నిజమే. అందుకే అక్కడే గట్టిగా పెట్టాలి. నీ పెంపు చూసి వాడు వదిలేస్తే పాట్ నీది, వదలకపోతే ఇరవై ముక్కలు నీ పక్షాన ఉన్నాయి. ఒక ముక్క తప్పిపోయి ఇంకొక్కటే మిగిలిందా, డెబ్బై కాస్తా నలభై ఐదుకి పడిపోతుంది. అప్పుడు పాట్ అంత పందెం వస్తే దొరగారి చుట్ట గుర్తు చేసుకో.

ఇంకొకటి నువ్వు చెప్పలేదు, నేనే మధ్యాహ్నమంతా వేళ్ళు మడిచి చూశాను. ఆ ఇరవైలో అన్నీ ఒక్కటి కాదు. రాణి, ఏడు, ఆరు, ఐదు పడితే నీదే అన్నిటికన్నా పెద్ద వరస. అవి 14. జాకీ గానీ పది గానీ పడితే మాత్రం, రాణితో వరస కట్టినవాడు నిన్ను కొట్టేస్తాడు. అవి ఆరు. ఒకే రంగు ముక్కలు మూడు పడినా, కింద జోడీ కుదిరినా ఆ పద్నాలుగూ తరుగుతాయి. నాలుగేసి ముక్కలున్న ఆటలో ఎవడో ఒకడి దగ్గర పెద్దది ఉండనే ఉంటుంది. షావుకారైతే ఇరవై అని మురిసిపోతాడు. దొరగారైతే పద్నాలుగు అని పెడతారు.

అన్నట్టు, మా ఆటకి పెద్ద కోర్టు మర్యాదే దక్కింది తెలుసా? సికింద్రాబాదు క్లబ్బులో రమ్మీ ఆడినవాళ్ళ మీద కేసు పెడితే అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కనక ఇది నేర్పున్న ఆటేనని 1967 నాటి తీర్పు. మూడు ముక్కలాటకి ఆ మాట దక్కలేదు. తర్వాత 1974లో రాష్ట్రానికి జూదం చట్టం వచ్చింది. 2020లో మన ప్రభుత్వం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వద్దంది. 2025లో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతా నిషేధించింది. నాకు సబబే అనిపించింది. మాకు ఎనభై పైసల దగ్గర ఆట ఆగేది, లాంతరులో నూనె అయిపోయినా ఆగేది. ఫోనులో ఆట తెల్లవారినా ఆగదు, ఎదుటివాడి మొహమూ కనబడదు.

అందుకని ఒక మాట విను. లెక్క నేర్చుకో, బాగా నేర్చుకో, అది మంచి చదువే. డబ్బు మాత్రం పెట్టకు. రేపు చింతపల్లి వెళ్తున్నావుగా, ఒక కొత్త పేక పట్టుకురా. అటక మీద బుట్టెడు చింతగింజలున్నాయి. నీ ఒమాహా నాకు మొదటి నుంచి నేర్పుదువుగాని.