కడెం వాగు వెంట జలపాతాలు: చూడదగిన కాలం, చూడవలసిన జాగ్రత్త

హైదరాబాద్ నగరంలో ఆబిడ్స్, నాంపల్లి, గోషామహల్ దారులు కలిసే చోట మొజంజాహీ మార్కెట్ కలదు. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రెండవ కుమారుడు మొజం జా పేరిట 1935లో గ్రానైటు రాతితో నిర్మించిన ఈ భవనాన్ని పునరుద్ధరించి 2020 ఆగస్టులో తిరిగి ప్రారంభించారు. గడియార స్తంభాన్నీ, ఐస్‌క్రీం దుకాణాలనూ ఎరిగిన వారు అనేకులు. అయితే ఈ మార్కెట్ వెనుక ఒక వరద ఉన్నదన్న సంగతి ఎరిగిన వారు తక్కువ. 1908 సెప్టెంబరు 28న మూసీ నది నగరాన్ని ముంచెత్తినపుడు సుమారు 15 వేల మంది మరణించారని అంచనా. ఆ వినాశనం తరువాత నగర పునర్నిర్మాణానికి 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు చేపట్టిన పనులలో ఈ మార్కెట్ ఒకటి.

నాడు నగరాన్ని ముంచినది నగరంలో కురిసిన వాన మాత్రమే కాదు. ఎగువ పరీవాహక ప్రాంతంలోని 788 చెరువులలో 221 తెగిపోయినట్లు వరదను పరిశీలించిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గుర్తించారు. నూరేళ్ళు దాటిన ఆ ఉదంతాన్ని ఇక్కడ ప్రస్తావించడానికి కారణం ఉన్నది. వానాకాలంలో శని, ఆదివారాలు వచ్చాయంటే నగరం నుండి వేలాది మంది ఉత్తర తెలంగాణ జలపాతాల వైపు ప్రయాణమవుతున్నారు. అక్కడ జరుగుతున్న ప్రమాదాలలో పెక్కింటికి మూలం కూడా ఎగువన, కంటికి కనిపించని చోట కురిసిన వానే.

ఆదిలాబాద్ జిల్లా బజార్‌హత్నూర్ మండల ప్రాంతపు కొండలలో పుట్టే కడెం వాగు గోదావరికి ఉపనది. రాష్ట్రంలోని ప్రసిద్ధ జలపాతాలు పలుమార్లు ఈ ఒక్క వాగు పరీవాహక ప్రాంతంలోనే తారసపడతాయి. బజార్‌హత్నూర్ మండలం గిర్నూర్ సమీపాన కనకాయి, బోథ్ మండలంలో పొచ్చెర, నేరడిగొండ మండలంలో కుంటాల, గాయత్రి జలపాతాలు ఉన్నాయి. దిగువన, నిర్మల్ జిల్లాలో, ఇదే వాగుపై కడెం ప్రాజెక్టు ఉన్నది.

వీటిలో కుంటాల మిన్న. సుమారు 45 మీటర్ల ఎత్తు నుండి నీరు అంచెలంచెలుగా నల్లని బండల మీదుగా దూకే ఈ జలపాతం తెలంగాణలో పేరుమోసినది. దుష్యంతుని ఇల్లాలు శకుంతల ఇక్కడ విహరించినందున ఈ పేరు వచ్చినదని ఒక కథ ప్రచారంలో ఉన్నది. బండల నడుమ ఏర్పడిన కుంటలను చూసిన వారికి మాత్రం పేరు కోసం పురాణాల వరకు వెళ్ళనవసరం లేదనిపిస్తుంది. రహదారి నుండి జలపాతం అడుగుకు చేరుకోవడానికి సుమారు నాలుగు వందల మెట్లు దిగవలసి ఉంటుంది. వృద్ధులు, హృద్రోగులు దిగేటపుడు కాక ఎక్కేటపుడు ఇబ్బంది పడుతుంటారు. కనుక పైనుండి దర్శించి మరలడం వారికి మేలు.

పొచ్చెర ఎత్తులో కుంటాలకు చాలదు. విశాలమైన బండ మీదుగా పరుచుకొని వచ్చిన నీరు ఒక్కసారిగా లోతైన మడుగులోకి దూకడం దీని ప్రత్యేకత. మెట్ల బాధ తక్కువ కావడంతో కుటుంబాలతో వచ్చేవారు దీనినే ఎక్కువగా ఇష్టపడతారు. అందం విషయంలో అభిప్రాయ భేదాలు ఉండవచ్చును గాని, మడుగు లోతు విషయంలో ఉండనవసరం లేదు. ఈత వచ్చిన వారికి సైతం ఇది స్నానానికి తగిన చోటు కాదు.

హైదరాబాద్ నుండి కుంటాల సుమారు 260 కిలోమీటర్లు. 44వ నంబరు జాతీయ రహదారిపై మేడ్చల్, కామారెడ్డి, ఆర్మూర్ మీదుగా గోదావరిని దాటి నిర్మల్ చేరుకోవాలి. పునుకు చెక్కతో చేసే కొయ్యబొమ్మలకు నిర్మల్ ప్రసిద్ధి. అక్కడి నుండి అదే రహదారిపై నేరడిగొండకు, ఆపై సుమారు 12 కిలోమీటర్ల దూరంలోని కుంటాలకు వెళ్ళవచ్చును. నేరడిగొండ నుండి బోథ్ వైపు మళ్ళితే పొచ్చెర వస్తుంది. ఆదిలాబాద్ వెళ్ళే ఆర్టీసీ బస్సులలో వచ్చేవారు నేరడిగొండలో దిగి ఆటోలలో చేరుకోవచ్చును.

ఇక్కడ ఒక పొరపాటును ప్రస్తావించక తప్పదు. నిర్మల్ జిల్లాలో కుంటాల పేరుతో ప్రత్యేకంగా ఒక మండలం ఉన్నది. జలపాతం ఉన్నది అక్కడ కాదు, ఆదిలాబాద్ జిల్లా నేరడిగొండ మండలంలో. ఈ పేర్ల పోలిక వలన ప్రయాణికులు దారి తప్పడమే కాక, ప్రమాద వార్తలలో సైతం జిల్లా పేరు తారుమారయ్యే అవకాశం ఉన్నది. 2016 అక్టోబరు 11న పూర్వపు ఆదిలాబాద్ జిల్లా నాలుగు జిల్లాలుగా విభజింపబడిన పిదప ఈ జాగ్రత్త మరింత అవసరమైనది. సహాయం కోరే వారు మండలం పేరు కూడా చెప్పినట్లయితే సిబ్బంది సరియైన చోటికి సత్వరం చేరుకోగలుగుతారు.

కడెం వాగు స్వభావాన్ని తెలుసుకోవాలంటే దిగువన ఉన్న ప్రాజెక్టు చరిత్రను చూడవలసి ఉంటుంది. 1958లో, నిర్మాణం సాగుతున్న కాలంలోనే, అనూహ్యమైన వరదకు కడెం ఆనకట్టకు గండి పడినది. 2022 జూలైలో ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద రాగా, సుమారు 3 లక్షల క్యూసెక్కుల విడుదల సామర్థ్యం గల గేట్ల పైనుండి నీరు పొర్లి పారినది. దిగువ గ్రామాల ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించవలసి వచ్చినది. మరుసటి ఏడాది జూలైలో అదే దృశ్యం పునరావృతమైనది. కొండల మీద కురిసిన వాన నిలవడానికి పెద్ద చెరువులు గాని, మైదానాలు గాని లేనందున నీరు గంటల వ్యవధిలోనే వాగులోకి చేరుతుంది. ఎండ కాస్తుండగా కుంటాల బండల మీద కూర్చున్న పర్యాటకునికి బజార్‌హత్నూర్‌లో కురిసిన వాన తెలిసే అవకాశం లేదు.

2023 జూలై ములుగు జిల్లాలో ఇటువంటి ఘటననే చూపినది. వెంకటాపురం మండలం వీరభద్రవరం అడవిలోని ముత్యాలధార జలపాతాన్ని చూడబోయిన సుమారు 80 మంది తిరుగు ప్రయాణంలో వాగు పొంగడంతో 26వ తేదీన అడవిలో చిక్కుకుపోయారు. వెళ్ళేటపుడు అందరూ నడిచి దాటిన వాగే అది. ఫోను ద్వారా సమాచారం అందడంతో జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం, జిల్లా యంత్రాంగం రాత్రివేళ శ్రమించి వారిని వెలుపలికి తీసుకొనివచ్చాయి. మరునాటి ఉదయానికి అదే జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో 24 గంటలలో 649.8 మిల్లీమీటర్ల వర్షపాతం నమోదైనది. అంతకు మునుపటి రికార్డు 2013 జూలై 19న వాజేడులో నమోదైన 517.5 మిల్లీమీటర్లు. తెలంగాణ నయాగరాగా పిలుచుకునే బొగత జలపాతం ఉన్నది ఆ వాజేడు మండలంలోనే. ఎత్తు సుమారు 30 అడుగులే అయినా వెడల్పుతో, హోరుతో మనసును దోచే బొగతకు నయాగరాతో పోలిక అక్కరలేదు. వరద ఉధృతంగా ఉన్న రోజులలో అటవీశాఖ ఇక్కడ సందర్శకుల ప్రవేశాన్ని నిలిపివేస్తున్నది. ఎంతో దూరం వచ్చి వెనుదిరగవలసి రావడం నిరాశ కలిగించేదే అయినా, ఆ నిర్ణయానికి పై అంకెలే సమాధానం.

ఎగువ నీటి ముప్పు వానకే పరిమితం కాదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది మధ్యలో బండల మీద ఉన్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జీ ఆనకట్ట నుండి విడుదలైన నీటిలో కొట్టుకొనిపోయారు.

కుంటాల, పొచ్చెర మడుగులలో గత సంవత్సరాలలో అనేక మంది, ముఖ్యంగా యువకులు, ప్రాణాలు కోల్పోయారు. పాకుడు పట్టిన రాళ్ళ మీద కాలు జారడం, నీటి అడుగున బండల మధ్య ఇరుక్కొనడం, సుడులలో చిక్కుకొనడం, ఫొటోల కోసం అంచుకు చేరడం ప్రధాన కారణాలుగా కనిపిస్తున్నాయి. వాగు పొంగడానికి ముందు కొన్ని గుర్తులు ఉంటాయి. తేటగా ఉన్న నీరు ఎర్రబారడం, ఆకులు, పుల్లలు కొట్టుకొనిరావడం, హోరు పెరగడం వాటిలో ముఖ్యమైనవి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వస్తువులను వదలి గట్టుకు చేరవలసి ఉంటుంది. వాగు ఆవలి ఒడ్డున చిక్కుకున్న వారు దాటే ప్రయత్నం చేయక, ఎత్తైన చోటికి చేరి 112కు ఫోను చేయాలి.

బయలుదేరే ముందు హైదరాబాద్ ఆకాశాన్ని కాక, ఎగువ మండలాల వర్షపాతాన్ని చూడవలసి ఉన్నది. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థకు రాష్ట్రవ్యాప్తంగా వెయ్యికి పైగా స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు ఉన్నాయి. వాటి వివరాలు ప్రతిదినం వెలువడుతున్నాయి. కుంటాలకు బజార్‌హత్నూర్, బోథ్ మండలాల అంకెలు ముఖ్యం. వారాంతపు పర్యాటక విశేషాలను ప్రచురించే పత్రికలు జలపాతం ఫొటో ప్రక్కన ఆ రెండు అంకెలకు చోటు కల్పించగలిగితే పాఠకులకు ఎంతో ఉపకరిస్తుంది. ప్రవేశం నిలిపివేసిన సమాచారం జలపాతం గేటు వద్ద కాక నిర్మల్, నేరడిగొండలలోనే ప్రయాణికులకు తెలిసేలా ఏర్పాటు చేయడం అధికారులు పరిశీలించదగిన అంశం.

వరదలు నెమ్మదించిన అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈ జలపాతాల సందర్శనకు అనువైన కాలం. నీరు తగినంత ఉంటుంది, అడవి పచ్చగా ఉంటుంది, దారులు ఆరి ఉంటాయి. అటుపిమ్మట ధార సన్నగిల్లుతుంది. కుంటాల వద్ద బండల నడుమ వెలసిన సోమేశ్వరస్వామిని దర్శించుకొనడానికి చుట్టుప్రక్కల గ్రామాల ప్రజలు తరలివచ్చేది ఆ కాలంలోనే, మహాశివరాత్రి జాతర నాడు.